యీవూ విమానాశ్రయం: మన డేగకు చైనాలో ఒక చుట్టం

విశాఖ కురుపాం మార్కెట్ సందుల్లో నాకు ఒక ఫ్యాన్సీ దుకాణం ఉంది. జడక్లిప్పులు, గాజులు, తాళంచెవుల గొలుసులు, పేరంటాల్లో ఇచ్చే రిటర్న్ గిఫ్టులు నా సరుకు. కాబట్టి ఇది విహారయాత్రికుడి సమీక్ష అనుకుని చదవకండి. మూడుసార్లు చైనా వెళ్ళి వచ్చినా చైనా గోడను నేను ఫోటోల్లోనే చూశాను. మూడుసార్లూ వెళ్ళింది యీవూకే. 2017లో ఒకసారి, 2019లో ఒకసారి, మళ్ళీ 2025 నవంబరులో. ఈ చివరి ప్రయాణంలో మా బావమరిదిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను. అతనికి గాజువాకలో దుకాణం పెట్టాలని ఉంది. విమానం ఎక్కిన దగ్గర నుంచి దిగేదాకా అతను వేసిన ప్రశ్నలకు జవాబులు చెప్పీ చెప్పీ, వీటిని ఎక్కడైనా రాసి పెడితే ఇంకొకరికి పనికొస్తాయి కదా అనిపించింది.

యీవూ చైనాలో తూర్పున, జెజియాంగ్ రాష్ట్రంలో ఉంది. పేరుకు జిన్‌హువా నగరం కింద ఒక చిన్న పట్టణం, కానీ చిల్లర సామాన్ల వ్యాపారానికి ప్రపంచంలో అంతకు మించిన చోటు లేదు. అక్కడి అంతర్జాతీయ వాణిజ్య నగరం అనే పెద్ద మార్కెట్‌లో 2002 నుంచి 2011 దాకా ఒకదాని తర్వాత ఒకటిగా అయిదు విభాగాలు తెరిచారు. మొత్తం 75 వేల దుకాణాలు. ఒక్కో దుకాణం ముందు మూడు నిమిషాలు నిలబడినా, రోజుకు ఎనిమిది గంటలు తిరిగినా, అన్నీ చూడటానికి 460 రోజులు దాటుతుంది. ఈ లెక్క నేనే విమానాశ్రయంలో కూర్చుని వేశాను, ఎందుకంత ఖాళీ దొరికిందో తర్వాత చెబుతాను. ఆ ఊరివాళ్ళు ఒకప్పుడు బెల్లం, చక్కెర బుట్టలు భుజాన వేసుకుని పల్లెలు తిరిగి, వాటికి బదులుగా కోడి ఈకలు పోగుచేసుకుని వచ్చేవారట. మన దగ్గర పాత బట్టలకు స్టీలు గిన్నెలు, జుట్టుకు పిన్నీసులు ఇచ్చే వాళ్ళు గుర్తొచ్చారు. అదే వృత్తి. వాళ్ళు మాత్రం 1982లో ఒక వీధిలో అంగళ్ళు పెట్టుకుని, అక్కడి నుంచి ఇంతదాకా వచ్చారు.

ఇక అసలు విషయానికి వస్తాను. యీవూ చేరడానికి మనవాళ్ళు సాధారణంగా మూడు దారులు చెబుతారు. షాంఘైలో దిగి రైలెక్కడం ఒకటి. దాదాపు 300 కిలోమీటర్లు, వేగం రైలులో గంటన్నర అటూ ఇటూ. హాంగ్‌జౌలో దిగి రైలు గానీ బస్సు గానీ ఎక్కడం రెండోది. నేరుగా యీవూ విమానాశ్రయంలోనే దిగడం మూడోది. ఈ మూడో దారి గురించి చెబితే చాలామంది నవ్వుతారు. "ఆ చిన్నదాంట్లోనా?" అంటారు. 2017లో నేను కూడా అలాగే నవ్వి షాంఘై మీదుగా వెళ్ళాను. పూడోంగ్ విమానాశ్రయంలో దిగి, రెండు పెట్టెలు ఈడ్చుకుంటూ ఊరికి ఆ చివర ఉన్న హోంగ్‌చావ్ స్టేషన్‌కు వెళ్ళి, ఎస్కలేటర్లు ఎక్కి దిగి, రైలు పట్టుకునేసరికి నా నడుము నా మాట వినడం మానేసింది. వెళ్ళేటప్పుడు పెట్టెలు ఖాళీవి కాబట్టి ఎలాగో గడిచింది. వచ్చేటప్పుడు నిండిన పెట్టెలతో అదే దారి. ఆ నవ్వు అక్కడితో పోయింది.

2019లో కోల్‌కతా నుంచి కున్‌మింగ్, కున్‌మింగ్ నుంచి యీవూ. 2020 మొదట్లో రెండు దేశాల మధ్య నేరు విమానాలు ఆగిపోయాక అయిదేళ్ళు ఆ దారి లేదు. ఆ రోజుల్లో వెళ్ళదలుచుకున్నవాళ్ళు సింగపూర్ మీదో బ్యాంకాక్ మీదో వెళ్ళేవారు. నేను మాత్రం ఏజెంటుకు డబ్బు పంపి, ఫోటోలు చూసి సరుకు తెప్పించుకున్నాను. ఫోటోలో చూసిన గులాబీ రంగుకూ పెట్టె విప్పాక కనిపించిన గులాబీ రంగుకూ ఉన్న చుట్టరికం గురించి రాస్తే అదొక పెద్ద కథ. 2025 అక్టోబరు 26న కోల్‌కతా, గ్వాంగ్‌జౌల మధ్య విమానం మళ్ళీ మొదలైంది. మూడు వారాల్లో మేము బయలుదేరాం. విశాఖ నుంచి కోల్‌కతా, రాత్రికి అక్కడి నుంచి గ్వాంగ్‌జౌ, తెల్లవారుజామున దిగి వీసా, వేలిముద్రల తతంగమంతా అక్కడే ముగించుకుని, దేశీయ విమానంలో యీవూ. ఈ చివరి ముక్క రెండు గంటల లోపే. యీవూలో దిగేసరికి మీరు మామూలు దేశీయ ప్రయాణికులు, ఎవరూ ఏమీ అడగరు.

దిగే ముందు ఒక వింత జరుగుతుంది. విమానం కిందికి వస్తుండగా చైనా భాషలో ఒక ప్రకటన, ఆ తర్వాత ఇంగ్లిషులో. వెంటనే అందరూ చేతులు చాచి కిటికీ తెరలు దించేస్తారు. విమానం లోపల సినిమా హాలులా చీకటి. మా బావమరిది కంగారుపడ్డాడు.

"బావగారూ, కిటికీలు ఎందుకు మూస్తున్నారు? ఏమైనా ప్రమాదమా?"

ప్రమాదం ఏమీ లేదు. యీవూ విమానాశ్రయం సైన్యానిది, పౌర విమానాలు కూడా అక్కడే దిగుతాయి. అలాంటి చోట్ల కిందికి దిగేటప్పుడూ పైకి లేచేటప్పుడూ కిటికీలు మూయాలని, నేల మీద ఫోటోలు తీయకూడదని నియమం. మొదటిసారి వెళ్ళినవాళ్ళకు ఇది భయంగా ఉంటుంది, నేల ఎప్పుడు తగులుతుందో తెలియదు. చక్రాలు తాకినప్పుడు మా వాడు నా ముంజేయి పట్టుకున్న గుర్తు గంటసేపు పోలేదు.

విశాఖవాళ్ళకు మాత్రం ఇది మరీ కొత్త సంగతి కాకూడదు. మన విమానాశ్రయం మాత్రం ఎవరిది? నౌకాదళానిది. ఐఎన్ఎస్ డేగ రన్‌వే మీదే కదా మన విమానాలన్నీ దిగేది. మన దగ్గరా ఫోటోలు తీయవద్దనే చెబుతారు. పోలిక ఇంతటితో ఆగదు. డేగను నౌకాదళంలో చేర్చింది 1991లో, యీవూలో ప్రయాణికుల విమానాలు మొదలైంది కూడా 1991లోనే. రెండూ ఒకే ఏడు పుట్టిన చుట్టాలన్నమాట. రెండూ ఊరిని ఆనుకునే ఉన్నాయి. రెండింటికీ ఆకాశం సొంతం కాదు, సైన్యం వదిలినప్పుడే ఎగరాలి. 2022 చివర్లో రన్‌వే పనుల కోసం మన విమానాశ్రయాన్ని రాత్రిళ్ళు మూసినప్పుడు మనం ఎంత గొణుక్కున్నామో గుర్తుందా? ఆ గొణుగుడు అలవాటున్న మనకు యీవూ విమానాశ్రయం బెంగ పుట్టించదు.

చైనా విమానాశ్రయాలంటే అందరూ చెప్పేది వాటి పరిమాణం గురించే. ఈ చివర నుంచి ఆ చివర కనిపించని హాళ్ళు, మనుషులను మోసుకుపోయే పట్టాలు, గేటుకు వెళ్ళడానికి లోపలే ఒక రైలు. గ్వాంగ్‌జౌ అలాగే ఉంటుంది, అక్కడ ఒక ద్వారం నుంచి మరో ద్వారానికి నడిచి నేను కైలాసగిరి మెట్లెక్కినంత ఆయాసపడ్డాను. యీవూలో ఆ బాధ లేదు. దిగాం, నడిచాం, పెట్టెల బెల్టు ఎదురుగానే ఉంది. పెట్టెలు వచ్చేలోపు బావమరిది చేతులు కడుక్కుని వచ్చాడు. పెట్టె తీసుకుని తల ఎత్తితే బయటి రోడ్డు కనిపిస్తోంది. విమానం దిగిన 25 నిమిషాలకు మేము టాక్సీలో ఉన్నాం. షాంఘైలో ఆ సమయానికి ఇంకా ఏ వైపు వెళ్ళాలో బోర్డులు చదువుతూ ఉండేవాడిని.

టాక్సీ గురించి ఒక మాట. బయటికి రాగానే ఒకరిద్దరు దగ్గరికి వచ్చి, ఫోనులో 100 అని అంకె కొట్టి చూపిస్తారు. మనకు ఆర్‌టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటోవాళ్ళతో ఉన్న అనుభవం చాలు, నవ్వి ముందుకు నడవండి. వరుసలో నిలబడిన టాక్సీ ఎక్కి మీటరు వేయించుకుంటే మార్కెట్ దగ్గరి హోటలుకు మాకు 35 యువాన్లు అయింది, అంటే అప్పటి లెక్కలో మన 440 రూపాయల దాకా. హోటలు పేరు, చిరునామా చైనా అక్షరాల్లో ఫోనులో ఫోటోగా పెట్టుకోవాలి. ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్న చిరునామా డ్రైవరుకు చూపిస్తే, మన ఆటో డ్రైవరుకు అరబిక్‌లో చూపించినట్టే. యీవూలో నిజానికి అరబిక్ చూపిస్తేనే చదివేవాళ్ళు ఎక్కువ దొరుకుతారేమో, అరబ్బు దేశాల వ్యాపారులు అంతమంది ఉన్నారు ఆ ఊళ్ళో. హోటళ్ళ పేరుపలకల మీద కూడా ఆ లిపి కనిపిస్తుంది.

మార్కెట్‌లో గడిపిన నాలుగు రోజుల గురించి ఇక్కడ ఎక్కువ రాయను. క్లిప్పులూ నగలూ బొమ్మలూ ఒకటో విభాగం, సంచులూ గొడుగులూ రెండు, స్టేషనరీ మూడు, మేజోళ్ళూ కండువాలూ నాలుగు. బొమ్మల వైపు నేను వెళ్ళడం మానేశాను. 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మలకు బీఐఎస్ నాణ్యత గుర్తు తప్పనిసరి అయింది, పైగా సుంకం. బేరమంతా కాలిక్యులేటర్ మీదే. దుకాణంలో ఆమె ఒక అంకె కొడుతుంది, మనం చెరిపి ఇంకొకటి కొడతాం, ఆమె తల అడ్డంగా ఊపి మూడోది కొడుతుంది. నోరు విప్పే పనే లేదు. నాలుగు రోజుల్లో ఆ అలవాటు చేతి వేళ్ళలోకి ఎక్కిపోతుంది. ఎందుకు చెబుతున్నానంటే, తిరుగు ప్రయాణంలో అదే నా పరువు తీసింది.

సాయంత్రం అయిదు గంటల ఇరవై నిమిషాలకు గ్వాంగ్‌జౌ విమానం. మూడు గంటలకే విమానాశ్రయం చేరాం. టికెట్ యంత్రాలు ఉన్నాయి గానీ మన పాస్‌పోర్టు చేతిలో ఉన్నవాళ్ళు నేరుగా కౌంటరుకు వెళ్ళడం మంచిది. మన పేర్లు వాటికి అరగవు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు కాక మూడు మాటల పేరు ఉంది. బోర్డింగ్ కార్డు మీద అవన్నీ సందు లేకుండా కలిసిపోయి ఒకే రైలు బండిలా వచ్చాయి. టికెట్ కొనేటప్పుడు ఇంటిపేరును ఇంటిపేరు గడిలోనే, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. ముందు ఇంటిపేరు పెట్టుకోవడంలో చైనావాళ్ళూ మనలాంటివాళ్ళే, ఆ విషయంలో వాళ్ళకు మన మీద కోపం ఏమీ ఉండదు.

నా పెట్టె తూకంలో 27 కిలోలు చూపించింది. దేశీయ టికెట్ మీద అనుమతి 20. కోల్‌కతా నుంచి వచ్చిన అంతర్జాతీయ టికెట్‌లో ఇంతకంటే ఎక్కువే ఇచ్చారు కదా అని నేను ధీమాగా సర్దాను. రెండు టికెట్లు విడివిడిగా కొన్నాక రెండింటి నియమాలూ విడివిడిగానే చూసుకోవాలి, ఆ తప్పు నాదే. కౌంటరులో ఉన్న అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవు. ఏడు కిలోలకు ఎంత కట్టాలో నాకు తెలిసేలా చెప్పడానికి సొరుగులోంచి కాలిక్యులేటర్ తీసింది. అంకె కొట్టి నా వైపు తిప్పింది.

నా చెయ్యి నన్ను అడగలేదు. ఆ అంకె చెరిపి, అందులో సగానికి కాస్త పైన ఇంకొక అంకె కొట్టి ఆమె వైపు తిప్పేసింది.

ఆ అమ్మాయి కాలిక్యులేటర్ చూసింది, నన్ను చూసింది. పక్క కౌంటరు అమ్మాయిని పిలిచి చూపించింది. ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. నా వెనక వరుసలో ఉన్న ఒక ఆఫ్రికా వ్యాపారి విషయం గ్రహించి పెద్దగా నవ్వాడు. అతనూ ఎప్పుడో ఇదే పని చేసి ఉంటాడు. ఆమె మాత్రం నవ్వు ఆపుకుని, చాలా మర్యాదగా, మళ్ళీ మొదటి అంకే కొట్టి తిప్పింది. ఈ బేరంలో తగ్గేది లేదని అర్థమైంది. పెట్టెను పక్కకు లాగి నాలుగు కిలోల సరుకు బయటికి తీశాం. కొంత చేతి సంచిలోకి, కొంత నా స్వెట్టరు జేబుల్లోకి, కొంత బావమరిది కోటు జేబుల్లోకి. మిగిలిన మూడు కిలోలకు డబ్బు కట్టాను. నా వెనక ఉన్నవాళ్ళు ఒక్కరు కూడా విసుక్కోలేదు. ఆ ఊళ్ళో ఈ దృశ్యం రోజూ ఉండేదే.

పెట్టె అప్పగించాక వెంటనే వెళ్ళిపోకండి. పెట్టె లోపల ఎక్స్‌రే దాటిందని చెప్పేదాకా అయిదు నిమిషాలు అక్కడే నిలబడాలి. అందులో బ్యాటరీ గానీ లైటరు గానీ కనిపిస్తే పక్క గదికి పిలిచి మీ చేతే విప్పిస్తారు. మనవాళ్ళు చాలామంది ఇది తెలియక తనిఖీ వరుసలోకి వెళ్ళిపోయి, పేరు పిలిస్తే అర్థం కాక ఇబ్బంది పడతారు. అన్నట్టు లైటరు పెట్టెలోనూ వద్దు, జేబులోనూ వద్దు, చైనాలో విమానంలోకి అసలే రానివ్వరు.

తనిఖీ దగ్గర ముందు ముఖం ఫోటో, బోర్డింగ్ కార్డు మీద ఒక ముద్ర. సంచిలోంచి ల్యాప్‌టాప్, గొడుగు, పవర్ బ్యాంకు బయటికి తీసి ట్రేలో పెట్టాలి. మనకు గొడుగు సంగతి తెలియదు, అందువల్లే సంచి రెండోసారి వెనక్కి వస్తుంది. ఆ తర్వాత ఒక చిన్న పీట మీద ఎక్కి చేతులు చాచి నిలబడాలి. తనిఖీ చేసేది ఆడపిల్ల అయినా ఇబ్బందిపడకండి, అక్కడ మగవాళ్ళను కూడా వాళ్ళే చూస్తారు. మన దగ్గర యంత్రం ఒకసారి అలా తిప్పి ముద్ర వేసి పంపేస్తారు. అక్కడ కాలరు నుంచి కాలి మడమ దాకా తడిమి చూస్తారు, మళ్ళీ తిరగమని వెనకవైపు.

నా స్వెట్టరు జేబు దగ్గర యంత్రం కీచుమంది. ఆమె జేబు చూపించింది. నేను చెయ్యి పెట్టి తీశాను, సీతాకోకచిలుక ఆకారంలో జడక్లిప్పు. పసుపు రంగుది. మళ్ళీ కీచుమంది. ఎర్రది. మళ్ళీ. నీలం, ఆకుపచ్చ, మెరుపుల పూతవి, ముత్యాలు పొదిగినవి. ఒక్కో క్లిప్పులో ఒక చిన్న స్ప్రింగు, ఆ స్ప్రింగు కోసం యంత్రం ఏడుపు. ట్రేలో 36 క్లిప్పులు వరుసగా పడ్డాయి. ఆ అమ్మాయి ముఖంలో నవ్వు గానీ కోపం గానీ లేదు, ఒక్కోటి తీసి వెనక్కూ ముందుకూ తిప్పి చూసింది. చివరికి ముత్యాల క్లిప్పును మాత్రం వెలుతురు వైపు పట్టుకుని ఒక్క క్షణం ఎక్కువ చూసింది. సరుకు ఎంపిక బాగుందన్నమాట అనుకున్నాను. మా దుకాణంలో ఇప్పుడు అన్నిటికంటే బాగా పోతున్నది అదే.

నా వెనక బావమరిది పీట ఎక్కాడు. అతని జేబుల్లో గాజులు. నేను అటు తిరిగి చూడలేదు.

పోగొట్టుకున్నది ఒకటే. మార్కెట్‌లో శాంపిల్‌గా కొన్న పవర్ బ్యాంకు. 2025 జూన్ 28 నుంచి చైనా దేశీయ విమానాల్లో త్రీసీ (ఆ దేశపు భద్రతా ధ్రువీకరణ) గుర్తు లేని పవర్ బ్యాంకు తీసుకువెళ్ళనివ్వరు. విమానాల్లో అవి అంటుకున్న సంఘటనలు పెరిగాక పెట్టిన నియమం. వాళ్ళు తిప్పి తిప్పి చూశారు, గుర్తు లేదు. ఎగుమతి కోసం చేసిన సరుకు మీద ఆ గుర్తు ఎందుకు వేస్తారు? చైనాలో తయారై, చైనాలో అమ్ముడై, చైనాలో విమానం ఎక్కడానికి పనికిరాని వస్తువు. పక్కనున్న డబ్బాలో వేశాను. ఆ డబ్బా అప్పటికే సగం నిండి ఉంది, అందులో ఉన్నవి చూస్తే ఒక చిన్న దుకాణం పెట్టవచ్చు. కోపం రాలేదు. ఒకవేళ అది నా తల మీది అరలో అంటుకుంటే అని ఆలోచించాక ఆ రకం సరుకు తెప్పించే ఆలోచన కూడా మానుకున్నాను.

లోపల కూర్చున్నాక తెలిసింది, విమానం ఆలస్యం. తెర మీద ఎర్ర అక్షరాలు. ఫోనులోని అనువాదం యాప్‌ను ఆ తెర ముందు పట్టుకుంటే "గగనతల నియంత్రణ" అని వచ్చింది. ఆకాశం ఎక్కువ భాగం సైన్యం చేతిలో ఉన్న దేశం, పైగా సైన్యం విమానాశ్రయం. ఎవరిని అడుగుతాం? చైనాలో దేశీయ విమానం దిగి వెంటనే అంతర్జాతీయ విమానం ఎక్కేలా టికెట్లు కొనేవాళ్ళకు నా సలహా ఒకటే, కనీసం ఆరు గంటల తేడా పెట్టుకోండి. మాకు కోల్‌కతా విమానం మర్నాడు తెల్లవారుజామున కాబట్టి స్థిమితంగా కూర్చున్నాం. 460 రోజుల లెక్క వేసింది అప్పుడే.

శాకాహారులకు ఈ విమానాశ్రయంలోనే కాదు, ఆ దేశంలో ఎక్కడైనా ఒకటే ధైర్యం, వేడినీళ్ళు. మన దగ్గర చల్లటి నీళ్ళ కుళాయి ఉన్నట్టు అక్కడ ప్రతిచోటా మరుగునీళ్ళ యంత్రం ఉంటుంది. పొగలు కక్కే నీళ్ళు, డబ్బు లేదు. ఖాళీ సీసా తెచ్చుకుంటే చాలు, కాకపోతే పల్చటి ప్లాస్టిక్ సీసా అయితే ముడుచుకుపోతుంది, స్టీలుది తెచ్చుకోవాలి. మేము ఇంటి నుంచి రెడీమేడ్ ఉప్మా పొట్లాలు పది తీసుకువెళ్ళాం. స్టీలు డబ్బాలో పొట్లం విప్పి, నీళ్ళు పట్టి, మూత పెట్టి అయిదు నిమిషాలు. మూత తీయగానే కరివేపాకు, ఇంగువ వాసన ఆ హాలంతా వ్యాపించింది. ఆలస్యానికి పరిహారంగా ప్రయాణికులకు భోజనం పెట్టెలు పంచారు, వాటిలో మాంసం ఉంది, తిరిగి ఇచ్చేశాం.

నా పక్క కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ళు ఉండవచ్చు. ఆమె కూడా అదే యంత్రం దగ్గర నూడుల్స్ గిన్నెలో నీళ్ళు పట్టుకుని వచ్చింది. నా డబ్బాలోకి తొంగి చూసి ఏదో అడిగింది. యాప్ తీశాను. "ఇది గంజా?" అని అడిగిందట. గంజి అని ఆమె ఉద్దేశం, యాప్ దీర్ఘం తీసింది. కాదు, గోధుమ రవ్వ అని చెప్పించాను. దానికి యాప్ ఏమి చెప్పిందో గానీ ఆమె చాలాసేపు జాలిగా చూసింది. సంచిలోంచి రెండు చిన్న కమలాలు తీసి, ఒకటి తనే ఒలిచి, తొనలు విడదీసి రుమాలులో పెట్టి ఇచ్చింది. నా దగ్గర ఏముంది ఇవ్వడానికి? మాడుగుల హల్వా డబ్బా అడుగున రెండు ముక్కలు మిగిలి ఉన్నాయి. ఒకటి ఇచ్చాను. ఆమె ముందు వాసన చూసింది, తర్వాత చిన్న కొస కొరికింది. జీడిపప్పు తగిలినట్టుంది, కళ్ళు పెద్దవయ్యాయి. మిగతాది తినకుండా కాగితంలో చుట్టి సంచిలో దాచుకుంది. మనవడి కోసమో మనవరాలి కోసమో, యాప్ తీసి అడగాలనిపించలేదు.

మరికొన్ని చిల్లర సంగతులు. డబ్బు నోట్లు పెద్దగా అవసరం పడలేదు, అలీపే అనే చెల్లింపుల యాప్‌లో మన వీసా లేదా మాస్టర్ కార్డు కలుపుకుంటే టాక్సీకీ టీకీ అన్నిటికీ పనిచేస్తుంది. ఒకసారికి 200 యువాన్లు దాటితే మూడు శాతం అదనం, కాబట్టి పెద్ద చెల్లింపు ఉంటే నోట్లు మేలు. ఈ కార్డు కలపడం ఇంటి దగ్గరే చేసుకోండి, అక్కడికి వెళ్ళాక బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ కోసం ఎదురుచూడటం వల్ల బీపీ పెరగడం తప్ప లాభం లేదు. వాట్సాప్, గూగుల్ అక్కడి నెట్ మీద పనిచేయవు. మన సిమ్ రోమింగ్‌లో ఉంటే పనిచేస్తాయి. ఉచిత వైఫై అడిగేది ఆ దేశపు ఫోను నంబరు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. మరుగుదొడ్లు శుభ్రం, కాగితం మాత్రం మీ జేబులో ఉండాలి. నవంబరులో రాత్రిళ్ళు పది డిగ్రీల దగ్గరికి వస్తుంది, అరకు వెళ్ళినప్పుడు వేసుకునే స్వెట్టరు సరిపోతుంది, జేబులు పెద్దవైతే ఇంకా మంచిది. కొన్ని దేశాలవాళ్ళకు ఇచ్చే పది రోజుల వీసా లేని సౌకర్యం మనకు లేదు, వీసా చేతికి వచ్చాకే టికెట్లు కొనండి.

మార్కులు వేయమంటే అయిదుకు నాలుగు వేస్తాను. షాంఘై, హాంగ్‌జౌలలో విమానాలు ఎక్కువ, ఒకటి తప్పినా గంటలో ఇంకొకటి దొరుకుతుంది. యీవూలో ఆ వెసులుబాటు లేదు, రోజుకు ఉన్నవే ఉన్నవి. ఆ ఒక్క మార్కు దానికి తగ్గించాను. ఇంటిల్లిపాదీ చైనా చూడాలని వెళ్ళేవాళ్ళకు ఇక్కడ దిగే పని లేదు. చుట్టూ కొనుక్కునే దుకాణాలు, తినుబండారాల వరుసలు కోరేవాళ్ళు కూడా నిరాశపడతారు. పెట్టె నిండా శాంపిళ్ళు, మోకాళ్ళలో నొప్పులు, చేతిలో నాలుగే రోజులు ఉన్న నాలాంటి వ్యాపారికి మాత్రం ఇంతకు మించినది లేదు. తూకం దగ్గర నుంచి గేటు దాకా నేను నడిచింది మా దుకాణం నుంచి పూర్ణా మార్కెట్‌కు నడిచినంత కూడా లేదు.

ఎనిమిదీ పది నిమిషాలకు విమానం కదిలింది. మళ్ళీ కిటికీలు మూశారు. ఈసారి బావమరిది అందరికంటే ముందే మూసి, నిబ్బరంగా నా వైపు చూశాడు. గ్వాంగ్‌జౌలో రాత్రంతా కుర్చీల్లో కునికి, తెల్లవారుజామున విమానం ఎక్కి, కోల్‌కతాలో దిగి, మధ్యాహ్నానికి విశాఖ విమానంలో ఉన్నాం. అతను నిద్రపోయాడు. దిగబోతున్నామన్న ప్రకటన వినగానే ఉలిక్కిపడి లేచి, కళ్ళు కూడా సరిగా తెరవకుండానే చెయ్యి చాచి కిటికీ తెర కిందికి లాగేశాడు.

ఎయిర్ హోస్టెస్ వంగి ఆ తెర పైకి ఎత్తింది. "దిగేటప్పుడు తెరిచి ఉంచాలి సార్."

"ఇది నేవీదండీ," అన్నాడు అతను, ఆమెకు తెలియదేమోనని.

కింద మేఘాద్రి గెడ్డ నీళ్ళు ఎండకు తళతళలాడుతున్నాయి. అతను అద్దానికి ముక్కు ఆనించి, గొంతు తగ్గించి నన్ను అడిగాడు, "బావగారూ, ఇక్కడ చూడనిస్తారా?"

"చూడు. ఫోను మాత్రం జేబులో పెట్టు," అన్నాను.